భీమమ్మ చేలో పెంకు పురుగు

బెంగళూరు,
2 సెప్టెంబర్ 2024

చిన్నాయనకు నవ్య నమస్కారాలు.

నువ్వు ఆదోనిలో బస్సుకు వేసిన పెట్టె నిన్న సాయంత్రం అందింది. సీసా ఒక్కటీ పగల్లేదు. చుట్టూ పత్తి కూరావు కదా, మా ల్యాబులో అందరూ ఆ పత్తినే పట్టుకుని చూశారు. పురుగుల సంగతి ఎవరూ అడగలేదు. నీ ఉత్తరమూ ఆ పత్తిలోనే దొరికింది. ఫోను చేస్తే నీ చెవికి అందదు, వాట్సాప్‌లో తెలుగు కొట్టే ఓపిక నీకు లేదు. కాబట్టి ఈ పెట్టే మన పోస్టాఫీసు అనుకుందాం. ఖాళీ సీసాలతో పాటు నేనూ ఇందులోనే రాసి పెడుతున్నాను.

ముందు మంచి మాట. గోనెగండ్ల దగ్గర కాలువ కింద చేలో, జమ్ము మీద నువ్వు పట్టినవి నేను అయిదేళ్ళుగా చదువుతున్న పురుగులే. చిత్తడిలో బతికే పెంకు పురుగులు. మూడు మిల్లీమీటర్లు ఉంటాయి, వెనక తొడలు లావు, ముట్టుకోబోతే ఎగిరి దూకుతాయి. ఈ ఒక్క ప్రజాతిలో దక్షిణాదిన దొరికే జాతులన్నిటినీ పోల్చి, ఏది దేనికి దగ్గరి చుట్టమో తేల్చి, గుంపులుగా విడదీయడమే నా పీహెచ్‌డీ పని. మూడు గుంపులు తేల్చాను. ఒకటో గుంపు జమ్ములో, బురద నేలల్లో ఉంటుంది. రెండోది చెట్టు తొర్రల్లో, రాతి గుంటల్లో నిలిచిన వాన నీళ్ళలో పెరుగుతుంది. మూడోది అడవి వాగుల పక్కన.

ఇక చెడ్డ మాట. నువ్వు పంపినవి నలభై ఒకటి. నలభై ఒకటీ ఆడవే! జాతిని తేల్చేది మగ పురుగు. దాని పొట్ట చివర, లోపల దాగి ఉండే భాగం ఆకారం ఒక్కో జాతిలో ఒక్కో రకంగా ఉంటుంది. పైకి చూస్తే అన్నీ గోధుమ రంగు చుక్కలే. నీ పురుగులన్నీ ఒకే సైజులో, నున్నగా, మెరుస్తూ ఉన్నాయి. ఏరి పంపావా ఏమిటి? ఈసారి ఏరవద్దు. వలలో ఏం పడితే అది పంపు.

చిన్నమ్మను షుగరు పరీక్ష చేయించుకోమను. మాట దాటేస్తే నాకు రాయి.

నీ
నవ్య


ఆదోని,
11 సెప్టెంబర్ 2024

చిరంజీవి నవ్యకు చిన్నాయన దీవెనలు.

ఏరి పంపిన మాట నిజమే. ముప్పై నాలుగేళ్ళు మార్కెట్ యార్డులో పత్తి చూసినవాణ్ణి. కుప్పలోంచి పిడికెడు తీసి, పింజ లాగి చూసి, మంచిదే పై ఊళ్ళకు పంపడం నా చేతికి అలవాటు. నీకూ అలాగే నిగనిగలాడేవి ఏరి, చిన్నవీ నీరసంగా ఉన్నవీ గడ్డిలో దులిపేశాను. ఆ దులిపేసినవే మగవని నాకెవరు చెప్పారు? పనికిరానివి కూడా పంపమని నన్నడిగిన మొదటి మనిషివి నువ్వే. చదివినప్పుడు కొంచెం కష్టమనిపించింది, తర్వాత నవ్వొచ్చింది.

ఈసారి అరవై మూడు ఉన్నాయి. మంచీ చెడ్డా చూడలేదు.

ఆ చేను భీమమ్మది. వాళ్ళ మామగారి కాలంలో ఆ రెండెకరాల పత్తి మా దగ్గరికే వచ్చేది. పింజ పొడుగు, మచ్చ లేని తెలుపు. తర్వాత చేనికి పైనున్న కాలువ గట్టు కారడం మొదలై, చేనంతా నీరు ఊరి జమ్ము మొలిచింది. ఇప్పుడు అక్కడ కొంగలు తప్ప ఏమీ దిగవు. నేను ప్యాంటు మడిచి వల ఊపుతుంటే భీమమ్మ గట్టు మీద నిలబడి అడిగింది, "ఏందన్నా, పత్తి యాపారం ఇడ్సి పురుగుల యాపారం పట్టినావా?" మా అన్న కూతురి చదువు కోసమమ్మా అన్నాను. "పట్టుకోపో, అన్నీ పట్టుకోపో. ఒగటి గూడా ఇడ్సొద్దు" అంది.

ఆమెకు మంచి రోజులొస్తున్నాయిలే. వచ్చే వేసవిలో కాలువకు సిమెంటు వేస్తారట. గట్టు పొడుగునా ఎర్ర గుర్తులు పెట్టారు. నీటి ఊట ఆగితే రెండేళ్ళలో చేను చేతికొస్తుంది.

చిన్నమ్మ పరీక్షకు పోలేదు. నేను చెప్పానని రాయకు.

జనార్ధన్


బెంగళూరు,
4 అక్టోబర్ 2024

చిన్నాయనా,

దొరికాయి! నీ అరవై మూడింట్లో ఇరవై ఆరు మగవి. మూడు రోజులు మైక్రోస్కోపు ముందు నుంచి లేవలేదు.

విచిత్రం చెబుతాను విను. పైకి చూస్తే ఇది ఒకటో గుంపుది. రంగు, తొడ, మీసాలు అన్నీ అలాగే ఉన్నాయి, ఉండేది కూడా జమ్ములోనే. లోపల చూస్తే మాత్రం ఆ భాగం రెండుగా చీలి, అంచున చిన్న పళ్ళతో ఉంది. అది రెండో గుంపు లక్షణం. రాతి గుంటల్లో పెరిగే గుంపు అది. ఇలాంటి పురుగు గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదు. మా గైడు దేవేంద్రప్ప సార్ అరగంట చూసి, "ఒకచోట దొరికిందాన్ని పట్టుకొని గుంపులు కదిలించకూడదమ్మా" అన్నారు. కొత్త జాతే అని ఒప్పుకున్నారు గానీ, ఏ గుంపులో పెట్టాలో ఒప్పుకోలేదు.

నీ ఉత్తరంలో కాలువ మాట చదివి భయం పట్టుకుంది. ప్రపంచంలో ఈ పురుగు ఉన్న చోటు మనకు తెలిసి ఆ రెండెకరాలే. అది ఎండిపోతే ఇక ఏం మిగులుతుంది? ఈ సంగతి తెలియాల్సినవాళ్ళకు తెలియాలి. నేను ఊరుకోను.

సీసాల మీది చీటీల్లో ఊరూ తేదీ రాసి, పట్టినవాళ్ళ పేరు వదిలేస్తున్నావు. అది తప్పకుండా ఉండాలి. ఆ చీటీల మీదా, నేను పంపబోయే కాగితం మీదా నీ పేరు పెట్టవచ్చు కదా? ఆ ఊరి సంగతి కళ్ళారా చూసినవాడివి నువ్వే.

వీలైతే నీళ్ళలో ఉండే పిల్ల పురుగుల్ని కూడా పట్టు. బల్లపరుపుగా, పొడుగాటి మీసాలతో ఉంటాయి. జమ్ము మొదట్లో కుళ్ళిన ఆకుల కింద చూడు.

నవ్య


ఆదోని,
17 అక్టోబర్ 2024

చిరంజీవి నవ్యకు,

నా పేరు పెట్టవచ్చా అని అడగాలా? పెట్టుకో తల్లీ. అచ్చులో నా పేరు రావడం నాకు చేదా? నీకు ఏ కాగితం మీద కావాలంటే ఆ కాగితం మీద పెట్టు. మీ నాన్నకు కూడా చెప్పాను, మురిసిపోయాడు.

పిల్ల పురుగులు దొరికాయి. భీమమ్మే పట్టించింది. నీళ్ళలో చెయ్యి పెట్టి ఒక కుళ్ళిన ఆకు తిప్పి, "ఇదేనా చూడన్నా, మీసాల పురుగు" అంది. కూలి పనికి పోతూ ఆగి చూపించిందామె.

యార్డుకు కొత్త పత్తి వస్తోంది. నాకిప్పుడు పనేమీ లేకపోయినా పొద్దున్నే ఒకసారి పోయి చూసి వస్తున్నాను. చెవి మిషను పెట్టుకుంటే జిన్నింగు మిల్లు మోత మాత్రం బాగా వినిపిస్తుంది, మనుషుల మాటలు వినిపించవు.

చిన్నమ్మ పరీక్ష చేయించుకుంది. కొంచెం ఉంది.

జనార్ధన్


ఆదోని,
9 డిసెంబర్ 2024

నవ్యకు,

నిన్న భీమమ్మ చేనికి పోయాను. గట్టు మీద జీపు ఆగి ఉంది. ఇంజనీరు, ఇద్దరు మనుషులు, పక్కన భీమమ్మ. ఇంజనీరు నన్ను చూసి ఏదో అడిగాడు. నాకు వినబడక మళ్ళీ అడిగించుకున్నాను. "ఆదోని జనార్ధన్ అంటే మీరేనా?" అని. నాకు రెండుసార్లు కావాల్సి వచ్చింది గానీ, భీమమ్మకు ఒకసారికే వినబడింది.

ఆయన చేతిలో నీ అర్జీ ఉంది. ఈ కిలోమీటరు మేర సిమెంటు వేయవద్దని, ఇక్కడ అరుదైన పురుగు ఉందని, దానికి స్థానిక సాక్షిని నేనని. విచారణ తేలేదాకా ఈ ముక్క వదిలేసి ముందుకు పోతామని చెప్పి ఆయన జీపెక్కాడు. ఆయన తప్పేమీ లేదు. కాగితం వచ్చింది, చూడటానికి వచ్చాడు.

భీమమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నిజమేనా అన్నా? నా సేను ఆరగూడదని కాయితం పెట్టినావా?"

నాకు తెలియదమ్మా అన్నాను.

"నీ పేరుంది గదా."

భీమమ్మ మళ్ళీ అంది: "పందొమ్మిదేండ్లన్నా. నా సేను ఈడ పెట్టుకోని, దాన్ని దాటుకోని పోయి, ఊరోల్ల సేన్లల్ల కూలి సేస్తాండా. దినామూ దీని గట్టు మీదనే నడుస్తాండా. పురుగు కనపడింది గానీ నేను కనపడలేదా ఆ పాపకు?"

నేను మళ్ళీ ఆ ఊరికి పోలేను. నీ చదువులో నిజం ఉండవచ్చు. కానీ నన్ను అడక్కుండా నా పేరు ఆమె మీద రాయి చేసి వేశావు. సీసాలు, వల ఈ పెట్టెలో పెట్టాను.

జనార్ధన్


బెంగళూరు,
16 డిసెంబర్ 2024

చిన్నాయనకు,

నీ అక్టోబర్ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. "ఏ కాగితం మీద కావాలంటే ఆ కాగితం మీద పెట్టు" అని రాశావు. నువ్వు నా పరిశోధన వ్యాసం అనుకున్నావు, నేను అర్జీ అనుకున్నాను. ఇది సాకుగా చెప్పడం లేదు. అర్జీ అనే మాట నేను విడమర్చి రాయలేదు. ఎందుకు రాయలేదో నన్ను నేను ప్రశ్నించుకుంటే, రాస్తే నువ్వు వద్దంటావేమోనన్న భయం లోపల ఉండే ఉంటుంది.

ఆమె అడిగింది నిజమే. పురుగే కనపడింది. నీ సెప్టెంబర్ ఉత్తరంలో ఆమె గురించి పది వాక్యాలు రాశావు. నేను అందులో ఎర్ర గుర్తుల మాట ఒక్కటే చదివాను.

అర్జీ వెనక్కి తీసుకున్నాను. ఆ కాపీ, వాళ్ళు అందిందని పంపిన కాగితం ఇందులో పెట్టాను. జనార్ధన్ గారికి తెలియకుండా ఆయన పేరు రాశానని కూడా అందులో ఒప్పుకున్నాను. దయచేసి అవి భీమమ్మకు చదివి వినిపించు. నువ్వు పోలేనంటే నేనే వచ్చి వినిపిస్తాను.

నేను పురుగును వదిలేశానని అనుకోవద్దు. నాలుగు రోజులుగా ఒకటే ఆలోచన. ఆ కాలువ వయసు డెబ్బై ఏళ్ళు దాటదు. పురుగు జాతి అంతకంటే లక్షల ఏళ్ళు పాతది. అంటే భీమమ్మ చేను దానికి సొంత ఊరు కాదు. అంతకుముందు అది ఎక్కడుంది? లోపలి లక్షణం చూస్తే దాని చుట్టాలన్నీ రాతి గుంటల్లోనే ఉన్నాయి. ఇదీ అక్కడిదే అయి ఉండాలి. ఎప్పుడూ తడి ఆరని ఏదో రాతి గుంట నుంచి, కాలువ వచ్చాక దాని ఊటలు పట్టుకుని ఇంతదూరం వచ్చిందని నా ఊహ. ఆ గుంట దొరికితే చేను ఎండినా పురుగు ఉంటుంది, ఏ గుంపుదో కూడా తేలుతుంది. నేను వెతుకుతాను. జనవరిలో సెలవు పెట్టి కాలువ వెంట ఉన్న గుట్టలన్నీ తిరుగుతాను. నిన్ను రమ్మని అడగను.

నవ్య


ఆదోని,
2 ఫిబ్రవరి 2025

చిరంజీవి నవ్యకు దీవెనలు.

జనవరిలో నువ్వు వచ్చి, ఆరు రోజులు గుట్టలు తిరిగి, కాలు బెణికి ఉత్త చేతులతో పోయావు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నీతో సరిగా మాట్లాడలేదు. నువ్వు పోయాక చిన్నమ్మ నన్ను అడిగిన మాటలు ఇక్కడ రాయను. మర్నాడు నీ కాగితాలు తీసుకుని భీమమ్మ దగ్గరికి పోయాను.

మొత్తం చదివాను. రెండోసారి కూడా చదివించుకుంది. తర్వాత అడిగింది, "అయితే ఆ పురుగు సస్తాదా?" ఇంకెక్కడా లేకపోతే చస్తుందమ్మా, ఏదైనా రాతి గుంటలో ఉంటే బతుకుతుంది, పాప వెతికింది గానీ దొరకలేదు అన్నాను.

"యాడ ఎతికింది?"

చెప్పాను. ఊళ్ళ పేర్లన్నీ విని తల అడ్డంగా ఊపింది. "రోడ్డు మీదికి కనపడే గుట్టలు ఎతికితే ఏం దొరుకుతాది? మాఘమాసంల గూడా నీల్లుండే దొన దేవరగట్టు మీద ఉంది. మల్లయ్య గుడి ఎనకాల, బండ సందున. మా అమ్మ ఆడ నీల్లు తాగిపిచ్చేది నాకు. పోదాం పా."

మొన్న పోయాము. ఆమె గోనెగండ్ల నుంచి వచ్చింది, ఆదోనిలో నేను కలిశాను. గుట్ట సగం ఎక్కేసరికి నా మోకాళ్ళు పట్టేశాయి. దొన అంటే నువ్వు రాసిన రాతి గుంటే; మొదటి దొన ఎండిపోయింది. రెండో దాంట్లో నీళ్ళున్నాయి గానీ దోమ పిల్లలు తప్ప ఏమీ లేవు. నాకు నీరసం వచ్చి, ఇక దిగుదామమ్మా అన్నాను. "ఇంగొగటుంది. దిగేది అది సూసినాకనే" అంది. అది బండ కింద పడుకుని పాకితే గానీ అందని సందు. నా ఒళ్ళు పట్టలేదు. ఆమె కొంగు బిగించి లోపలికి పాకింది. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఏదో అరుస్తోంది, నాకు ఒక్క ముక్కా వినబడలేదు. పాము ఏమైనా కరిచిందేమోనని హడలిపోయి ఆమె కాలు పట్టి లాగాను.

బయటికొచ్చి ముందు నన్ను తిట్టింది. తర్వాత అరచెయ్యి చాపింది. తడి ఆకు, దాని మీద పొడుగు మీసాల పురుగు. "ఇది మా సేన్లోదే అన్నా! అదే మీసం, అదే నడక. నేను సూసినవి నాకు తెలీదా?" అంది.

పద్నాలుగు పంపుతున్నాను. ఆ నీళ్ళూ ఆకులూ కూడా వేశాను. అక్కడ ఇంకా చాలా ఉన్నాయట.

జనార్ధన్


బెంగళూరు,
28 మార్చి 2025

చిన్నాయనా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఆ పద్నాలుగింటినీ పెంచాను. దేవరగట్టు ఆకులే వేశాను. తొమ్మిది బతికి రెక్కలు తొడిగాయి. నాలుగు మగవి. నిన్న ఒకదాన్ని కోసి చూశాను. రెండుగా చీలి, అంచున పళ్ళు. చేలోదీ గుట్ట మీదిదీ ఒకటే జాతి. రెండో గుంపే! భీమమ్మ మైక్రోస్కోపు లేకుండా చెప్పినదాన్ని నేను రెండు నెలలకు చెబుతున్నాను.

అయితే అది అక్కడితో ఆగలేదు. ఉండే చోటునూ పై రూపాన్నీ నమ్మి నేను ఒకటో గుంపు కట్టాను. ఈ పురుగు ఆ రెండింటితోనూ నన్ను మోసం చేసింది. మిగతావి చేయలేదని ఏమిటి నమ్మకం? ఒకటో గుంపులో ఉన్న పదకొండు జాతుల్నీ మళ్ళీ తెరవాలి. దేవేంద్రప్ప సార్ నా మేలు కోరే చెప్పారు: "ఉన్నదున్నట్టు ఇచ్చెయ్. దీన్నొక్కదాన్ని చివర్లో గమనికగా పెట్టు. జూన్‌లో డాక్టరువి అయిపోతావు." ఒక రోజంతా ఆలోచించాను. తప్పని తెలిసిన గుంపు కింద నా సంతకం పెట్టలేను సార్ అని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయితే పాత డబ్బాలన్నీ దించు" అన్నారు. రెండు వందల పన్నెండు పురుగులు. ఇప్పటికి అరవై అయ్యాయి. రెండు జాతులు అప్పుడే గుంపు మారాయి. ఇంకో ఏడాది పడుతుంది, పట్టనీ.

కాలువ పని ఎంతవరకు వచ్చింది? భీమమ్మ చేను దగ్గర మొదలుపెట్టారా?

నవ్య


ఆదోని,
6 జూలై 2025

చిరంజీవి నవ్యకు,

కాలువ పని మే నెలలోనే అయిపోయింది. భీమమ్మ చేను పైన కూడా వేశారు, ముక్క కూడా వదల్లేదు. జూన్ మొదటికే జమ్ము పసుపెక్కింది. మొన్న నేను పోయేసరికి సగం చేను పగుళ్ళిచ్చింది. మిగతా సగంలో ఆమె జమ్ము కోసి కుప్ప వేస్తోంది. ఈ ఏడు జనుము చల్లి దున్నేస్తుందట, మట్టి బాగుపడాలని.

నీకు ఒక సంగతి చెప్పాలి, ఎలా తీసుకుంటావో తెలియదు. చేను మూలన మోకాలి లోతు గుంట ఒకటి చివరిదాకా మిగిలింది. పురుగులన్నీ అందులోకి చేరాయి. అదీ ఆరిపోతుంటే భీమమ్మ తనంతట తానే ఒక బిందెలో ఆ నీళ్ళూ ఆకులూ పిల్ల పురుగులూ ఎత్తుకుని, కొంగు కప్పి, రెండు బస్సులు మారి దేవరగట్టు ఎక్కి, ఆ బండ సందులో పోసి వచ్చింది. కండక్టరు నీళ్ళ బిందె ఎందుకమ్మా అంటే, దేవుడికని చెప్పిందట. నాకు కూడా చెప్పలేదు. నాలుగు రోజుల తర్వాత మాటల్లో తెలిసింది.

అలా ఒకచోటివి ఇంకోచోట కలిపితే మీ లెక్క ప్రకారం తప్పా అని నాకు అనుమానం వచ్చి ఆమెతో అన్నాను. మొహం చిన్నబోయింది. "నాకేం తెలుసన్నా. నా సేను నాకొచ్చె. వాటిది వాటికియ్యాల గదా అనుకుంటి" అంది.

తప్పయితే నన్ను కోప్పడు. ఆమెకు ఏమీ రాయకు.

జనార్ధన్


బెంగళూరు,
14 జూలై 2025

చిన్నాయనా,

వాటిది వాటికివ్వాలని భీమమ్మ అన్న మాట రెండుసార్లు చదివాను. తర్వాత వెళ్ళి దేవేంద్రప్ప సార్‌కు చదివి వినిపించాను.

నీ అనుమానం సరైనదే. పద్ధతి ప్రకారం అలా కలపకూడదు. రేపు ఎవరైనా ఆ దొనలో వెతికితే, ఏవి అక్కడివో ఏవి చేలోవో తెలియక తికమక పడతారు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి తెచ్చి వదిలారో రాసి ఉంటే మాత్రం ఎవరికీ ఇబ్బంది లేదు. కాబట్టి రాస్తున్నాను. నా థీసిస్‌లో ఈ జాతి వివరం ముగిసేచోట ఒక పేరా: మొదట పట్టిన చోటు ఇప్పుడు సాగు భూమి అనీ, అక్కడ మిగిలినవాటిని ఆ భూమి యజమాని దేవరగట్టుకు చేర్చారనీ.

భీమమ్మ అని ఒక్క మాటే రాస్తే సరిపోదు. ఇంటి పేరుతో సహా పూర్తి పేరు కావాలి, బిందె తీసుకుపోయిన తేదీ కూడా కావాలి. ఈసారి ఆమెను అడిగి, ఇలా రాస్తున్నామని విడమర్చి చెప్పి, సరే అంటేనే పంపు.

నవ్య